గెలిస్తే బండరాయి!

మన దేవరకొండలో రాళ్లకేం కొదవ, చెప్పండి వదినా? ఖిల్లా చుట్టూ గుట్టలే! కానీ ఒక్క రాయి కోసం 116 కిలోమీటర్లు సైకిలు తొక్కిన తల్లి ఉంది. మా అమ్మాయి ఫోన్లో చూపిస్తే, స్టవ్ ఆర్పేసి మరీ కూర్చున్నాను.

ఫ్రాన్సులో పారిస్–రూబే అని ఒకరోజు సైకిలు పందెం. 1896లో మొదలైంది. దారిలో చాలాచోట్ల పాతకాలపు రాళ్లబాటలే. సైకిలు గడగడలాడి చేతులు బొబ్బలెక్కుతాయి. గెలిచినవాళ్లకు అలాంటి రాయినే పీటకెక్కించి ఇస్తారు. ఆడవాళ్లకు ఈ పందెం ఎప్పుడు పెట్టారనుకున్నారు? 2021లో!

ఆ అక్టోబరు 2న రాళ్లు తడిసి జారుతున్నాయి. ఇంగ్లండుకు చెందిన లిజీ డైగ్నన్, మూడేళ్ల పాప తల్లి, ఇంకా 80 కిలోమీటర్లు ఉండగానే అందర్నీ వదిలేసి ఒంటరిగా వెళ్లిపోయింది. చేతులకు గ్లవ్స్ లేవు. గెలిచేసరికి హ్యాండిల్ నిండా నెత్తుటి మరకలు.

ఇచ్చిన సొమ్ము 1,535 యూరోలు. మర్నాడు గెలిచిన మగాయనకు 30,000! వాళ్ల దారి రెట్టింపు పైనే, ఒప్పుకుంటాను. అయితే మాత్రం డబ్బు దాదాపు ఇరవై రెట్లా? పత్తి చేలల్లో ఆడకూలి, మగకూలి లెక్కలు చూసిన మనకు కొత్తేం కాదనుకోండి. చివరికి ఆమె టీమువాళ్లే ఆ తేడా ఇచ్చారు.

రాయి మాత్రం ఇద్దరికీ ఇచ్చారు లెండి.