నాన్న పంపింగ్ 40 అట!

మా గుంటూరు వైపు ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని ఎవరూ అనరు. "మీ నాన్నకి పంపింగ్ ఎంత?" అంటారంతే. నిరుడు గుండెపోటు వచ్చి స్టెంటు వేశాక మా నాన్న పంపింగ్ 45. ఈ మార్చిలో వేరేచోట ఎకో తీయిస్తే 40.

నేనేమో హైదరాబాదులో. అమ్మ ఫోన్లో ఆ అంకె చెప్పగానే నా బుర్ర పనిచెయ్యలేదు. సర్వర్ గ్రాఫు కిందకి పడితే ఎలా కంగారుపడతామో అలాగే... "ఇంక వ్యవసాయం వద్దు, నల్లపాడు పొలం కౌలుకిచ్చెయ్" అని ఆ రాత్రే నాన్నతో దెబ్బలాడాను. ఆయనేం మాట్లాడలేదు. వారంలో రెండెకరాలూ కౌలుకిచ్చేశారు.

తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ అంకె ఎలా వస్తుందో చదివాను (ముందు చెయ్యాల్సిన పని!).

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే డాక్టరూ, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తా కలిసి, ఓడల కార్ఖానాలో లోహాల్లో లోపాలు వెతికే యంత్రాన్ని తెచ్చి గుండె మీద వాడి చూశారు. ఎకో అలా మొదలైంది. కొయ్యక్కర్లేదు, గుచ్చక్కర్లేదు. పక్కటెముకల సందులోంచి శబ్దతరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటితో బొమ్మ కడుతుంది. గుండె ఎడమ కింది గది నిండినప్పుడొకసారి, పిండుకున్నప్పుడొకసారి లోపలి అంచు వెంబడి గీత గీస్తారు. దోసకాయని చక్రాలు తరిగినట్టు ఆ గదిని బిళ్ళలు బిళ్ళలుగా లెక్కేసి, ఎన్ని మిల్లీలీటర్లో మెషీను చెబుతుంది.

నిండినప్పుడు 120, పిండాక 66 మిగిలితే, బయటికెళ్ళింది 54. అంటే 45 శాతం. గీత కాస్త జరిగి 66 కాస్తా 72 అయిందా, 40 శాతం! తేడా ఆరు మిల్లీలీటర్లు, ఒక టీస్పూను పైచిలుకు. ఒకే గుండెని ఇద్దరు కొలిస్తే అయిదు, పది పాయింట్ల తేడా మామూలేనట. 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఎకో వీడియో చూసి ఈ అంకె చెప్పే ప్రోగ్రాం చేశారు. దానికీ నిపుణులకీ సగటు తేడా నాలుగు పాయింట్లు.

నాన్నని తీసుకుని కార్డియాలజిస్టు దగ్గరికెళ్ళాను. ఆయన రెండు సీడీలూ పక్కపక్కన పెట్టి చూసి "పెద్ద తేడా ఏం లేదు" అన్నారు. తర్వాత నాన్ననే అడిగారు: మెట్లెక్కితే ఆయాసమా? రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నారా? కాళ్ళు వాస్తున్నాయా? అవేమీ లేవు. నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్నలవి. మందులు మానొద్దు, స్ప్రేయర్ భుజాన వేసుకోవద్దు, పొలానికి మాత్రం రోజూ నడవండి అన్నారు.

బయటికొచ్చాక నాన్న అన్నారు: "అయితే మిర్చి యార్డులో మచ్చు చూసి రేటు చెప్పినట్టేగా రా. ఒక్కొక్కడు ఒక్కోటి చెబుతాడు."

నా దగ్గర జవాబు లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి అంకె మారితే కొట్టిపారెయ్యకండి, నిజంగా తగ్గి ఉండొచ్చు కూడా. పాత సీడీ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి, వీలైతే ప్రతిసారీ ఒకేచోట తీయించండి. కానీ అన్నిటికంటే ముందు మనిషిని అడగండి.

కౌలు ఏడాదికి. నాన్న రోజూ పొద్దున్నే గట్టు దాకా నడిచి, వేరేవాళ్ళు వేసిన మిరప తోట చూసి వస్తున్నారట. అమ్మ చెప్పింది.