టీకా మచ్చ

నా ఎడమచేతి పైభాగమున రూపాయి బిళ్లకన్న చిన్నదైన మచ్చ యొకటి కలదు. అది మశూచికపు టీకా మచ్చ. దానిని చూచినప్పుడెల్ల నాకు మా అవ్వ జ్ఞప్తికి వచ్చును.

మాది నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు. కృష్ణపట్నపు రేవు మాకు చేరువ. మా అవ్వ మొగము నిండ మశూచికపు గుంటలుండెడివి. చిన్నతనమున నేనొకనాడు ఆమె ఒడిలో కూర్చుండి, వానిని వ్రేలితో తడుముచు, “అవ్వా! ఇవి ఎట్లు వచ్చినవి?” అని అడిగితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట ఈ సంగతి చెప్పెను.

ఆమెకు ఆరేండ్ల ప్రాయమున టీకాలు వేయు ఉద్యోగి యొకడు ఊరికి వచ్చెనట. ఆ వార్త విన్నంతనే ఆమె తల్లి తన కూతురిని, కొడుకును ధాన్యపు గాదెలో దాచి, “పిల్లలు మేనమామ ఇంటికి పోయినారు” అని చెప్పి అతనిని పంపివేసెను. రెండేండ్లు తిరుగకముందే ఊరిలో అమ్మవారు పోసెను. గుమ్మములకు వేపమండలు కట్టిరి. ఇండ్లలో తాలింపు మానిరి. పోలేరమ్మకు మ్రొక్కుకొనిరి. అవ్వ బ్రదికెను. ఆమె తమ్ముడు బ్రదుకలేదు.

“మీ అమ్మ ఎంత తెలివితక్కువ పని చేసినది!” అంటిని నేను.

అవ్వకు కోపము వచ్చెను. “అట్లనవద్దు నాయనా! బిడ్డలను కాపాడుకొనవలెననియే మా అమ్మ దాచినది” అనెను.

ఆ మాటలోని భావము, నేను పెద్దవాడనై చరిత్ర చదివిన పిమ్మట గాని నాకు బోధపడలేదు.

మశూచికమునకు జెన్నరను ఆంగ్ల వైద్యుడు 1796లో టీకా కనుగొనెను. 1802లో అది మన దేశమునకు వచ్చెను. మొదట చాలకాలము ఒక బిడ్డ చేతి పొక్కునుండి తీసిన రసమును మరియొక బిడ్డ చేతికి ఎక్కించెడివారు. చేయి వాచును, జ్వరము వచ్చును, మడికి భంగము కలుగునను బెంగయు నుండెను. ఆవుదూడల నుండి మందు తీయు పద్ధతి తరువాత వచ్చినది. 1880లో ప్రభుత్వము కొన్ని పట్టణములలో టీకాను నిర్బంధము చేయుటకు చట్టము చేసెను. కాని చట్టము చేయిని చాపించగలదు గాని మనసును ఒప్పించగలదా?

జనుల భయము సూదిని గూర్చి మాత్రమే కాదు. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని పీడించిన కరవు నెల్లూరు మండలమును కూడ బాధించెను. 1877లో ప్రభుత్వము పొదుపు పేరిట, కరవుపనిలో చెమటోడ్చు మగవానికి దినమునకు సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాను మాత్రమే కూలిగ నిర్ణయించెను. బక్కచిక్కిన జనమును కలరాయు, మశూచికమును కబళించెను. మా తీరమున ఎదుట సముద్రమున్నను ఉప్పుపై పెత్తనము ప్రభుత్వముదే. పల్లెవారెరిగిన సర్కారు ఉద్యోగి పన్ను అడుగువాడు, లేదా శిక్షించువాడు. అట్టి సర్కారు మనిషి చేతిలో సూదిని చూచి ఆ తల్లి ఎట్లు నమ్మగలదు? టీకా మంచిదే, దానిని తెచ్చినవారియందు నమ్మకము లేదు. ఆ లోటునకు ఒక పసివాడు బలియయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నా వంతు వచ్చెను. టీకాలు వేయునాయన గ్రామచావడికి రాగా అందరికంటె ముందు అవ్వయే నన్ను ఎత్తుకొని పోయెను. ఆయన చిన్న చక్రము వంటి పరికరమును నా చేతిపై నొక్కి త్రిప్పెను. నేను బిగ్గరగ ఏడ్చితిని. అవ్వ కన్నులలోను నీరు నిండెను. “ఏడువకు నాయనా! మా తమ్మునికి దొరకనిది నీకు దొరికినది” అనెను. ఆనాటి సాయంకాలము ఆమె ఇంటింటికి పోయి, వెనుదీయు తల్లులకు తన మొగమును చూపి, “నన్ను చూడండి, తరువాత మీ బిడ్డలను చూచుకొనండి” అని చెప్పెను. మరునాడు చావడి నిండిపోయెను.

1975 తరువాత మన దేశమున మశూచికము తలయెత్తలేదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి లోకమున లేదని ప్రకటించెను.

బాలబాలికలారా! మీ చేతిపై క్షయ రాకుండ వేసిన టీకా గుర్తు ఉండవచ్చును గాని నా చేతిమీది మచ్చ వంటిది ఉండదు. మీకది అవసరము లేకపోయెను. మందును కనుగొనుట శాస్త్రజ్ఞుల పని. దానిని నమ్మికతో జనులకు చేర్చుట మనుష్యులందరి పని. మా ఊరిలో ఆ రెండవ పనిని చదువురాని మా అవ్వ చేసినది.