విప్పింది నేనే

ఈ మధ్య నేనొక అబద్ధం ఆడాను. అరవై ఏడేళ్ళ వయస్సులో, ఒక యంత్రం విషయమై, నా చిన్నకొడుకు కన్నా చిన్నవాడైన ఒక కుర్రవాడితో ఆడాను. దాని ఖరీదు ఒక రాత్రి నిద్ర. మరికొంచెం ఉంటే 9,000 రూపాయలు కూడా అయ్యేది. చెప్పుకొంటే తప్ప మనసు తేలికపడేటట్లు లేదు.

నా లాప్‌టాపు 2013లో కొన్నది. దానిలో నేను దాచుకొన్న ఆస్తి ఒక్కటే. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసిన కాలంలో రైతుల నోటినుండి ఏరుకొన్న సేద్యపు మాటలు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం చూసిన నాటినుండి పట్టుకొన్న పిచ్చి అది. మేడి, కర్రు, కాడి అందరూ విన్నవే. ఆ మేడికి, ఆ కాడికి ఉండే ఒక్కొక్క చిన్న భాగాన్నీ ఏ ఊళ్ళో ఏమని పిలిచేవారో చెప్పగలిగినవారు మాత్రం ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు. మొత్తం 4,000కు పైగా మాటలు. వ్రాసుకొన్న నోటుపుస్తకాలు సగం చెదల పాలయ్యాయి. మిగిలిన ప్రతి ఆ లాప్‌టాపులోనిదే.

మొన్న వేసవిలో అది పొయ్యిమీది పెనంలా కాగసాగింది. లోపలి ఫ్యాను రొద పక్కగదికి వినబడేది. దుమ్ము పట్టిందని అర్థమయింది. ఇప్పటి వాటిలో చాలావాటికి అడుగు మూత విప్పితే ఫ్యాను కనబడుతుంది. నా పాతదానికి ముందు కీబోర్డు పైకెత్తి, దాని కింది రిబ్బన్లు ఊడదీసి, ఆపైన పై డొప్ప విడదీయాలి. ఒక వీడియో చూసి ధైర్యం తెచ్చుకొన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు విగ్రహవాక్యాలు చెప్పినవాణ్ణి, విడదీసినదాన్ని మళ్ళీ సమాసం చేయలేనా అనుకొన్నాను.

బ్యాటరీ తీశాను. స్క్రూలు విప్పి కాగితం మీద పేర్చాను. మెత్తని కుంచెతో దులిపితే ఫ్యాను రెక్కలనుండి దూదిలాంటి దుమ్ము పిడికెడు వచ్చింది. గర్వంగా తిరిగి బిగించాను. ఒక స్క్రూ మిగిలింది. మీట నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తెలిసిన చికిత్సలన్నీ చేశాను. చార్జరు తగిలిస్తే పక్కనున్న చిన్న దీపం వెలుగుతూనే ఉంది. బ్యాటరీ, చార్జరు రెండూ తీసి, లోపల నిలిచిపోయిన విద్యుత్తు పోవటానికి మీటను అర నిమిషం నొక్కి పట్టాను. ర్యామ్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. ఫలితం లేదు.

మర్నాడు బస్టాండు దగ్గరి రిపేరు దుకాణానికి తీసుకువెళ్ళాను.

"ఎప్పటినుంచి ఇట్లా ఉంది మాస్టారూ?"

"నిన్నటినుంచి, నాయనా."

"కింద పడిందా? నీళ్ళేమైనా పడ్డాయా?"

"లేదు."

"ఎవరైనా విప్పారా?"

"లేదు. దానంతటదే ఆగిపోయింది" అన్నాను. మిగిలిన స్క్రూ అప్పటికి నా చొక్కా జేబులోనే ఉంది.

అతడు చార్జరు కొసకు మల్టీమీటరు పెట్టి చూశాడు. 19 వోల్టులు, మీద వ్రాసినంతా వస్తోంది. అడుగున ఉన్న చిన్న మూత తీసి తన దగ్గరి ర్యామ్ పెట్టి చూశాడు. చివరికి తల ఊపాడు. "కరెంటు లోపలికి వస్తోంది, మీట మాత్రం పలకటం లేదు. ఎవరూ విప్పనప్పుడు మీట రిబ్బను ఊడదు. బోర్డు పోయినట్టుంది మాస్టారూ. 9,000 దాకా అవుతుంది. ఇంత పాతదానికి అంత పెట్టటం దండగ."

"లోపలున్న ఫైళ్ళు?"

"బోర్డులో షార్టు అయి ఉంటే డిస్కు కూడా దెబ్బతిని ఉండవచ్చు. రేపు చూసి చెబుతాను."

రాత్రి అన్నం సయించలేదు. "ఏమండీ, మీరే విప్పారని ఆ అబ్బాయికి చెప్పారా?" అని మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. జవాబు చెప్పలేదు.

ఎప్పటిదో ఒక సంగతి గుర్తుకు వచ్చింది. బడిలో గ్లోబు విరిగింది. విరగగొట్టిన పిల్లవాడు రెండు ముక్కలనూ కలిపి, ఏమీ ఎరగనట్టు స్టాండు మీద నిలబెట్టి వెళ్ళాడు. దొరికిపోయినపుడు గంటసేపు ఎండలో నిలబెట్టి, "ఈ శిక్ష విరగగొట్టినందుకు కాదు, దాచినందుకు" అన్నాను. ఎందుకు దాచావని మాత్రం అడగలేదు. ఇప్పుడు అడగనక్కరలేదు. దెబ్బల భయం కన్నా తెలివితక్కువవాడినని తెలిసిపోతుందన్న భయం పెద్దది.

తెల్లవారగానే వెళ్ళి, స్క్రూ తీసి అతని బల్లమీద పెట్టాను. "విప్పింది నేనే నాయనా. ఫ్యాను దులపటానికి విప్పాను. నిన్న అబద్ధం చెప్పాను."

అతడు స్క్రూ చూసి నవ్వాడు. "ఇది కీబోర్డుది" అని, కీబోర్డు పైకెత్తాడు. దానికింద చిటికెనవేలి గోరంత వెడల్పు రిబ్బను గాడిలో ఉన్నట్టే ఉంది. కాని కొంచెం వంకరగా ఉంది. దాన్ని అదిమిపెట్టే నల్లని చిన్న రెక్క మూసిలేదు. తిన్నగా లోపలికి జరిపి, గోటితో రెక్క నొక్కి, మీట నొక్కాడు. దీపం వెలిగింది. ఫ్యాను నిశ్శబ్దంగా తిరిగింది. నా మాటలన్నీ ఉన్నచోటనే ఉన్నాయి.

పుచ్చుకొన్నది 200 రూపాయలు. "విప్పినవాళ్ళెవరూ విప్పామని చెప్పరు మాస్టారూ. మామూలుగా నేను నమ్మను. మీరు మాస్టారు కదా అని నమ్మాను" అన్నాడు. ఆ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది.

తర్కసంగ్రహంలో హేత్వాభాసాలు ఐదు. వాటిలో అసిద్ధం ఒకటి. చూపిన హేతువే అక్కడ లేకపోవటం దాని లక్షణం. ఆ కుర్రవాడి తర్కంలో లోపం లేదు. దీపం వెలుగుతోంది కనుక విద్యుత్తు వస్తోంది. ఎవరూ విప్పలేదు కనుక రిబ్బను ఊడదు. కనుక దోషం బోర్డుదే. రెండవ మెట్టు నేను అందించినది. ఆ మెట్టే లేదు. నడవటం వచ్చినవాణ్ణి లేని మెట్టు మీద అడుగు వేయించాను.

విప్పిన తరువాత యంత్రం పలకకపోతే, చివర మన చేయి తగిలినచోటనే మొదట వెతకాలి. ఈ సూత్రం నాకు ఆ రోజు కూడా తెలుసు. నా చేయి తగిలిందని ఒప్పుకొంటే కదా అది పనికివచ్చేది!

ఆ సాయంత్రమే పదాల ఫైలును రెండు పెన్‌డ్రైవులలోకి ఎక్కించాను. ఒకటి మా అమ్మాయికి పంపాను. ఫ్యాను మళ్ళీ రొద చేసేనాటికి కుంచె నా చేతిలో ఉండదని చెప్పలేను. కాని ఈసారి దుకాణానికి వెళితే, అడగకముందే చెబుతాను.