పాటకు తూనిక

పాలమూరు, నల్లగొండ మెట్టసీమల్లో పాట తీరికవేళల వినోదం మాత్రమే కాదు. నాట్లు వేసేచోట, బరువులెత్తేచోట, బతుకుతెరువుకై వలసపోయినచోట అది శ్రమకు తోడుగా నిలిచింది. నల్లగొండ ప్రాంతపు ప్రజాకవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ వంటి కళారూపాలను తెలంగాణ సాయుధ పోరాటకాలంలో ప్రజల గొంతుకగా మలిచారు. ఆ పరంపరకు నేటి వారసుల్లో ఒకరు గోరటి వెంకన్న.

ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారం ఆయన స్వగ్రామం. ప్రపంచీకరణ తాకిడికి కులవృత్తులు కూలిపోయిన పల్లె దుఃఖాన్ని ఆయన గేయంగా రచించారు. 2002లో 'కుబుసం' చలనచిత్రం ద్వారా అది తెలుగునాట ఊరూరా మారుమ్రోగింది. ఆయన 'వల్లంకితాళం' 2021వ సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని అందుకొంది. ప్రజలు ఏనాడో మెచ్చిన గాయకుణ్ణి పండితలోకం కవిగా గౌరవించిన సందర్భమది.

పాట కవిత్వమవుతుందా అన్నది పాత ప్రశ్నే. అమెరికా గాయకుడు బాబ్ డిలాన్‌కు 2016లో నోబెల్ సాహిత్య బహుమతి ప్రకటించినప్పుడు ప్రపంచమంతటా ఇదే వాదం చెలరేగింది. సందేహించేవారి మాటను తేలికగా తోసిపుచ్చలేము. చక్కని బాణీ పేలవమైన పదాన్ని దాచగలదు. కాగితం మీద ఆ ముసుగు తొలగిపోతుంది.

అయితే కాగితం కూడా కొన్నింటిని దాస్తుంది. వెంకన్న పాటలను నేను అచ్చులో చదివాను, వేదిక మీద విన్నాను. అచ్చులో పల్లవి వట్టి పునరుక్తిగా తోస్తుంది. పాడేటప్పుడు ప్రతి చరణం తరువాతా అదే పల్లవి కొత్త బరువుతో తిరిగివస్తుంది. అంతేకాదు, శ్రోత వంత కలిపేది అక్కడే. ఒక్కడి వేదన పదిమంది వేదనగా మారేదీ అక్కడే. ఈ గుణాన్ని చూడని విమర్శ పాటను సగమే తూచినట్లు.

ఉద్యమగీతాలకు అలవాటుపడిన పాఠకునికి ఆయన పాటల్లోని వాగు, చెట్టు, పిట్ట పోరాటం నుండి తప్పుకొన్నట్లు తోచవచ్చు. కరవుసీమలో పుట్టినవానికి అలా తోచదు. వాగు ఎండితే పైరు ఎండుతుంది, పైరు ఎండితే మనిషి వలసపోతాడు. ఇక్కడ ప్రకృతిని గూర్చి పాడడమంటే మనిషిని గూర్చి పాడడమే.

అకాడమీ పురస్కారం అచ్చయిన గ్రంథానికే లభిస్తుంది. అచ్చుకెక్కని పాట పాడిన గొంతుతోనే కనుమరుగవుతుంది. మన పల్లెల్లో ఎందరో తల్లుల పాటలు అలాగే అంతరించాయి. మీ ఊరి వృద్ధులు పాడే పాటలను ఆలకించండి, బాణీతో సహా భద్రపరచండి. పిమ్మట వాటి మాటలను నిష్పక్షపాతంగా పరీక్షించండి. చెవినీ కంటినీ సమానంగా గౌరవించే విమర్శకులు మీ తరం నుండి రావాలని నా ఆకాంక్ష.