చదవకుండా చేసిన సంతకం

ముప్పయి ఏళ్లు కేంద్ర ప్రభుత్వ కొలువు చేసి, ఢిల్లీ మయూర్ విహార్‌లో స్థిరపడిన ఆ తెలుగు పెద్దమనిషి ఆద్యంతం చదవనిదే ఏ ఫైలుపైనా సంతకం చేసి ఎరుగరు.

2017 వేసవిలో ఆయన ఇంటి కంప్యూటరుకు వింత జబ్బు పట్టుకొన్నది. బ్రౌజరు తెరచినంతనే ముక్కూమొగమూ తెలియని పేజీ ప్రత్యక్షమయ్యేది. వార్తలు చదవబోతే జూదపు ప్రకటనలు, వాటి వెంట అసభ్య చిత్రాలు! ఒకనాడు మనవరాలు గదిలో అడుగుపెట్టగానే ఆయన గాభరాగా తెరను చేతులతో కప్పివేశారు. తాతయ్యే వాటిని వెదకి చూస్తున్నాడని ఆ బిడ్డ అనుకొన్నదేమోనన్న దిగులుతో ఆ రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు.

మరునాడు ఆ అమ్మాయే కంప్యూటరు ముందు కూర్చున్నది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాములను అవి చేరిన తేదీల వరుసలో పేర్చింది. ఆయన ఉచితంగా దించుకొన్న వీడియో సాఫ్ట్‌వేర్ పక్కన, అదే తేదీన చేరిన అపరిచితులు మూడు కనిపించాయి.

"ఇవి దొంగచాటుగా రాలేదు తాతయ్యా! 'నెక్స్ట్' అన్నచోటల్లా నొక్కి, మీరే లోపలికి పిలిచారు."

ఆమె వాటిని తొలగించి, బ్రౌజరును పూర్వస్థితికి తెచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా అందించే సాధనంతో కంప్యూటరును పరీక్షించింది.

ఆ జూన్‌లోనే 'ఫైర్‌బాల్' అనే ఇటువంటి సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా 25 కోట్ల కంప్యూటర్లలో, అందులో మన దేశంలోనే రెండున్నర కోట్లలో చేరినదని చెక్ పాయింట్ సంస్థ అంచనా వేసింది. ఆ లెక్క ఎక్కువని మైక్రోసాఫ్ట్ అన్నది. సంఖ్య ఏదైనా, అదీ ఉచిత సాఫ్ట్‌వేర్ కొంగు పట్టుకొని వచ్చినదే.

నాటి నుండి ఆయన ఏది దించుకొన్నా కళ్లజోడు తగిలించుకొని, ప్రతి అక్షరమూ చదివి, అక్కరలేని గడిలో టిక్కు తీసివేసిన పిమ్మటనే ముందుకు సాగేవారు.

"ఫైలు పాసయిందా తాతయ్యా?" అని మనవరాలు నవ్వేది.