ఇచాపూర్‌లో ఒక కిటికీ గడియ

ఇచాపూర్ అనగానే మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం అనుకునేరు! ఇది వంగదేశంలో, కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ నది తూర్పుగట్టున ఉన్న ఊరు. కలకత్తా వెళ్ళినవాళ్ళు కాళీఘట్టం చూస్తారు, దక్షిణేశ్వరం చూస్తారు, రసగుల్లాలు కట్టించుకుని వస్తారు. సాహిత్యసభకని వెళ్ళిన నేను మూడోరోజున అవన్నీ మానుకుని, సియాల్దాలో లోకల్ బండి ఎక్కాను. జేబులో మా నాన్నగారి పాత కాగితం ఒకటి ఉంది.

ఆ బండి దారంతా తూటాల చరిత్రే. మొదట డమ్‌డమ్. కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డు తూటాల సంగతి 1857 జనవరిలో సిపాయిల చెవిన పడింది అక్కడే. ఒంట్లో దిగాక విచ్చుకునే గుండుకు ఆ ఊరి పేరే వచ్చింది. 1899లో హేగ్ సభ దాన్ని నిషేధించింది. ఇంకా ముందుకు పోతే టిటాగఢ్, జనపనార మిల్లుల ఊరు. ఉత్తరాంధ్ర నుంచి మిల్లు పనికి వెళ్ళిన మనవాళ్ళు తరాలుగా అక్కడున్నారు. ఆ తరువాత బారక్‌పూర్. 1857 మార్చి 29న మంగళ్ పాండే తిరగబడిన చోటు. ఆపైన పల్తా దాటితే ఇచాపూర్.

ఇక్కడి రైఫిళ్ళ కర్మాగారం 1904 నాటిది. మన పోలీసుల భుజాన ఏళ్ళ తరబడి వేలాడిన 303 రైఫిళ్ళు ఇక్కడ తయారయ్యాయి. లోపలికి మనలాంటివాళ్ళకు ప్రవేశం లేదు. ప్రహరీగోడ వెంట నడిచి, నా శిష్యురాలి తాతగారి ఇల్లు చేరాను. ఆయన పూర్వులు శ్రీకాకుళం నుంచి టిటాగఢ్ వలసపోయారట. ఆయన మాత్రం ఈ కర్మాగారంలో గేజీలతో తనిఖీ చేసే పనిలో రిటైరయ్యారు.

"ఏం బాబూ, అంత దూరం నుంచి దేనికొచ్చావు?" అన్నారు, టీ గ్లాసు చేతికిస్తూ.

చెప్పాను. 1978లో నాన్నగారు సాయుధ దళంలో కొత్త కానిస్టేబులు. కాల్పుల అభ్యాసంలో తూటా డొప్ప చీలి, వేడిగాలి మొహాన కొట్టింది. కంటికింద మచ్చ మిగిలింది. "ఆయుధాన్ని అజాగ్రత్తగా వాడినందుకు" ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆయన ఎదురు చెప్పలేదు. "నా చెయ్యి మంచిది కాదురా" అనుకుని, జీవితాంతం దీపావళికి కాకరపువ్వొత్తి కూడా ముట్టించలేదు. నిరుడు పోయారు. పెట్టెలో ఈ మెమో దొరికింది.

పెద్దాయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. రెక్కకూ చట్రానికీ మధ్య ఒక పోస్టుకార్డు పెట్టి మూశారు. గడియ పడింది. రెండో కార్డు కూడా పెట్టారు. పడలేదు.

"మా గేజీలూ ఇంతే. తుపాకిలో గడియ బోల్టు. బోల్టు ముఖానికీ, తూటా అంచు ఆనే చోటుకూ మధ్య జాగాని హెడ్‌స్పేస్ అంటాం. 303కి 0.064 అంగుళాల గేజి పెడితే బోల్టు పడాలి. 0.074 పెడితే పడకూడదు."

తేడా పావు మిల్లీమీటరు!

"పేలగానే ఇత్తడి డొప్ప ఉబ్బి చాంబరు గోడకు అతుక్కుంటుంది బాబూ. వెనకభాగం బోల్టు మీదికి తోసుకొస్తుంది. మధ్య జాగా ఎక్కువైతే అంచుకు కాస్త ముందు సాగి తెగుతుంది. పెట్టెలో ఉన్నప్పుడు డొప్పలన్నీ ఒకటే. పేలాక ఏ తుపాకి ఆకారం దానిది. విదేశాల్లో గురి పందాలవాళ్ళు కొత్త డొప్పకు అంచు ముందు చిన్న రబ్బరు చుట్ట తొడుగుతారు, బోల్టుకు ఆనివుండేట్టు. ఒకసారి పేలాక మెడమాత్రం బిగించి, మళ్ళీ అదే తుపాకిలో వాడుకుంటారు."

కళ్ళద్దాలు పెట్టుకుని మెమో చదివారు. అడుగున ఆయుధం వివరాలున్నాయి: రైఫిలు నెంబరొకటి, బోల్టు నెంబరొకటి. ఆయన వేలు అక్కడ ఆగింది.

"ఈ రెండూ ఒకటే ఉండాలి కదా!"

రైఫిళ్ళు వరసగా పెట్టి, బోల్టులూడదీసి నూనెగుడ్డతో తుడుస్తారట. తొందరలో ఒకదాని బోల్టు మరొకదానికి పోతుంది. చూపుకు అన్నీ ఒకటే. తొడిగితే పడుతుంది కూడా. "కావాలని మార్చినా తప్పులేదు. మార్చాక గేజి పెట్టి చూడాలి, కొత్త నెంబరు కొట్టాలి. ఇక్కడ కొట్టలేదు. రుజువంటే తుపాకి చూడాలి, అదిప్పుడెక్కడుందో! కానీ బాబూ, మీ నాన్న చేతి తప్పని మాత్రం నేను రాయను."

ఇన్నేళ్ళలో ఆ రెండు నెంబర్లనూ ఎవ్వరం కలిపి చదవలేదు. నేను తెలుగు ఎమ్మే చదివాను. అక్షరాలు చూశాను గాని అంకెలు చూడలేదు.

తిరుగు బండి బారక్‌పూర్ దాటాక అమ్మకు ఫోను చేశాను. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు.

"ఈ దీపావళికి మొదటి మతాబా నువ్వే ముట్టించు నాయనా, ఆయన పేర" అన్నది.