బాలానగరమున పుట్టినింటి పేరు

హైదరాబాదునకు వాయవ్యమున నున్న బాలానగరము యాత్రాస్థలము కాదు. కోటలుగాని కోనేరులుగాని చూపువా రిచట లేరు. మెట్రో రైలు దిగి, ఆటోలో పోయి, 2021వ సంవత్సరము జూలైలో తెరచిన పైవంతెన క్రింద దిగితిమి. ఎటు చూచినను చిన్న కార్ఖానాలు, లేతు యంత్రముల రొద, నూనె కలిసిన యినుపరజను వాసన. అయినను తమ కుటుంబచరిత్రము వ్రాయ బూనిన సోదరీమణు లొకమారు చూడదగిన పేట యిది.

ఏలయన, ఇచటివారిలో పెక్కండ్రు పొరుగూళ్లనుండి వచ్చినవారే. 1961లో భారత ప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. వారి మందుల కర్మాగారము సోవియట్ దేశపు సాయముతో నీ ప్రాంతమున వెలసినది. 1965లో హిందూస్థాన్ ఏరోనాటిక్సు వారి శాఖయు, 1968లో పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్రసంస్థయు వచ్చినవి. కోస్తా జిల్లాలనుండియు తెలంగాణపు పల్లెలనుండియు కుటుంబములు పనికై తరలివచ్చినవి. మందుల తయారీ ఆగి యేండ్లు గడచినను, వచ్చినవా రిచటనే స్థిరపడిరి. మనుమలను "మీదే యూరు?" అని యడిగిన "బాలానగర్" అందురు. తాతలు వేరొక యూరి పేరు చెప్పుదురు. ఆ పేరును పుస్తకమున మొదట వ్రాసికొనవలెను.

మాకు మజ్జిగ యిచ్చి యాదరించిన యొక పెద్దమ్మగారు అత్తవారి పురుషులను ఐదు తరములవరకు తడబడక చెప్పిరి. "మీ యమ్మమ్మగారి పుట్టినింటి పేరేమమ్మా?" యని యడిగితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "నన్నెవరు నది యడుగలేదమ్మా" యనిరి.

పెండ్లితో నింటిపేరు మారును. భూమి కాగితములలో మగవారి పేళ్లే మెండు. ఆ కాగితములును వలసినవే. తెలంగాణమువారు 1954-55 నాటి ఖాస్రా పహాణీని, అంతకు పూర్వపు సేత్వారును వెదకవచ్చును. నైజాము కాలపు పత్రములలో ఫసలీ సంవత్సర ముండును. దానికి 590 కలుపవలెను. 1357 ఫసలీ యనగా 1947 అక్టోబరున మొదలైన యేడు. తార్నాకలోని రాష్ట్రపు ప్రాచీన దస్త్రముల భాండాగారమున పారసీ, ఉర్దూ పత్రములు విస్తారముగా నున్నవి; చదివిపెట్టువారిని వెంట తీసికొని పోవుట మేలు.

స్త్రీల పేళ్లకు వేరుదారి కలదు. శ్రాద్ధము పెట్టు ఇండ్లలో తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేళ్లును, తల్లి పుట్టినింటి పెద్దల పేళ్లును చెప్పుట యాచారము. పురోహితుడు పట్టుకొను కాగితమును అడిగి యెత్తి వ్రాసికొనుడు. పాత శుభలేఖలు చింపకుడు. అన్నిటికంటె అటకమీది యిత్తడి సామాను మిన్న యని మా యభిప్రాయము. సారె పాత్రలపై పేరును, ఒక్కొకప్పుడు సంవత్సరమును చెక్కియుందురు. విరోధికృత్ అని యున్నచో 1971 కావచ్చును, 1911 యైనను కావచ్చును. అరువదేండ్లకు అదే పేరు మరల వచ్చును గదా! ఆ పాత్ర తెచ్చుకొన్న వారి వయస్సును బట్టి తేల్చుకొనవలెను.

పెద్దమ్మగారి యటకమీదను అట్టి బిందె యొకటి యుండెను. మనుమడు దింపి, చింతపండుతో తోమెను. అమ్మమ్మగారి పేరునకు ముందు "చ" యను నక్షరము బయటపడినది. అది పుట్టినింటిదో మెట్టినింటిదో తెలియరాలేదు. ఆమె కొంగుతో బిందె తుడిచి, ఊరిలోనున్న మేనమామ కూతురికి ఫోను కలుపుమని మనుమనికి చెప్పిరి.